సీలు విప్పిన చిప్పులు

బళ్లారి
12 మే 2025

అత్తకు నమస్కారాలు.

ఈ కవరు మీద నా పేరు చూడగానే నువ్వు ముందు నవ్వుతావు, తర్వాత తిడతావు, ఆ తర్వాత చదువుతావు. మొదటి రెండూ కానివ్వు, నేను ఆగుతాను.

ఫోన్ ఎందుకు చేయలేదంటావా? పోయినసారి చేసి "అత్తా, ఒక ఆలోచన వచ్చింది" అన్నానో లేదో, స్పీకర్ పెట్టి మన రైతుల క్యాంపంతా వినేలా దులిపేశావు. కాగితానికి స్పీకర్ ఉండదు. పైగా పని సంగతి ఏదైనా రాసివ్వాలని, నోటిమాట చెల్లదని, ఇరవై ఏళ్లుగా విత్తనాల కంపెనీల వాళ్లందరికీ చెబుతున్నది నువ్వే. కంప్లి బస్సు కండక్టర్ జగదీశ్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

సంగతి బిట్‌కాయిన్. పేరు నువ్వు వినే ఉంటావు, టీవీలో మోసాల వార్తల్లో వస్తుంది. కానీ ఆ డబ్బు వెనక ప్రపంచమంతా కొన్ని యంత్రాలు ఆగకుండా లెక్కలు కడుతుంటాయి. అవి అలా కట్టబట్టే ఎవరి నుంచి ఎవరికి ఎంత వెళ్లిందో తేడా రాదు. అందుకు ఆ యంత్రాలకు కొంత కూలి ముడుతుంది. దొరికే యంత్రాలు మన ఇళ్లకు పనికిరావు. పెద్దవి, విపరీతమైన రొద, కరెంటు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. షాపులో మోటారు స్టార్టర్లు బాగుచేసుకుంటూనే రెండేళ్లు కూర్చుని నేనొక బోర్డు గీశాను. ఎండ ఉన్నంతసేపు సోలార్ మీద నడుస్తుంది, మబ్బు పడితే నెమ్మదిస్తుంది, పొద్దు గూకితే ఆగిపోతుంది. పాత యంత్రం నుంచి పది చిప్పులు ఊడదీసి ఒక బోర్డు చేశాను. నాలుగు నెలలుగా మా డాబా మీద నడుస్తోంది.

ఇబ్బందల్లా కొత్త చిప్పులతో. చైనా వాడు పదీ ఇరవై అమ్మడు. ఐదువందలు ఒక రీలుగా చుట్టి, సీలు వేసి, తీసుకుంటే మొత్తం తీసుకో లేకపోతే పో అంటాడు. పది మంది కలిస్తే మనిషికి యాభై, అంటే ఐదేసి బోర్డులు. నేనొకణ్ణి. ఇంకా తొమ్మిది మంది కావాలి. బోర్డులన్నీ వెంకటకృష్ణయ్య గారి రైసు మిల్లులో పెట్టుకోవచ్చు. మిల్లు ఆగిన నెలల్లో ఆయన సోలార్ కరెంటు అగ్గువకు సర్కారుకు పోతోంది.

క్యాంపులో నా మాట ఎవరూ నమ్మరు. నీ మాట నమ్ముతారు. చిప్పుల కంటే ముందు నాకు కావలసింది అదే.

నీ తిట్లకు సిద్ధంగా,
ప్రవీణ్‌కుమార్


కంప్లి క్యాంపు
15 మే 2025

ప్రవీణ్‌కుమార్‌కు ఆశీస్సులు. నా దగ్గర నీకోసం కొరత లేకుండా ఉన్నవి ఇవే.

జగదీశ్ కవరు ఇస్తూ, "ఏందక్కా, మీ మేనల్లుడు మళ్లీ ఏందో రాసినాడు. ఈ తూరి ఎగిరేదా, మునిగేదా?" అన్నాడు. బస్సులో సగం మంది నవ్వారు. నేనూ నవ్వాను, ఏడవలేక. రెండేళ్ల కిందట నీ మాట నమ్మి క్యాంపంతా కలిసి కొన్న మందు కొట్టే డ్రోను, కొబ్బరికాయ కొట్టిన పావుగంటకు పెద్దకాలువలో పడిపోవడం వీళ్లందరూ కళ్లారా చూశారు. నీకు డ్రోను ప్రవీణు అని పేరు ఖాయమైంది. ఆ పేరు భరించలేక నువ్వు బళ్లారి పారిపోయావు. నేనెక్కడికి పోను?

ఇక నీ యంత్రం. ఎవరికీ అక్కర్లేని లెక్కలు కట్టడం, దానికి ఎవడో కంటికి కనపడనివాడు కూలి ఇవ్వడం, ఆ కూలి చేత్తో పట్టుకోవడానికి కూడా ఉండకపోవడం. చిన్నప్పుడు నీకు లెక్కల్లో వచ్చిన మార్కులు నేను చూశాను కాబట్టి యంత్రం చేత కట్టిస్తున్నావని సంతోషించాను.

నిన్ను ఏడేళ్ల వయసు నుంచి పెంచినదాన్ని. నువ్వు ఏ పనైనా మొదలుపెట్టడంలో ఎవరికీ తీసిపోవు. పూర్తి చేసింది మాత్రం పెట్టిన అన్నం ఒక్కటే.

వద్దని రాసి ఇక్కడితో ఆపేసేదాన్నే. కానీ కవరు అంటించడం కూడా నీకు చేతకాలేదు. జగదీశ్ దారిలో చదివేశాడు, మిల్లు దగ్గర దిగి వెంకటకృష్ణయ్యకు చెప్పేశాడు. ఆయన సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, "సోలార్ పలకలు ఖాళీగా ఉంటున్నాయమ్మా మాణిక్యం, కుర్రాడు ఏదో అంటున్నాడంట గదా" అని మొదలుపెట్టాడు. నేను కాదంటే ఈయన తనే పదిమందిని పోగేస్తాడు, అప్పుడు అడిగేవాళ్లు ఉండరు. అందుకని నేనే అడుగుతాను. నమ్మి కాదు, కాపలాకి.

షరతు ఒకటే. మన విత్తనాల ఉమ్మడి కొనుగోలుకు ఏ పద్ధతో దీనికీ అదే. సరుకు ముందు మిల్లు కాటా దగ్గరికి రావాలి. అందరి ముందు దిగాలి. ఉమ్మడి సరుకు ఒకరి ఇంట్లో పెట్టుకోవడం మన దగ్గర లేదు.

మీ అత్త
మాణిక్యం


బళ్లారి
20 మే 2025

అత్తకు,

నీ షరతు ఒప్పుకున్నాను. కాటా మీద తూచుకుంటారా? ఐదువందల చిప్పులూ కలిపినా కిలో తూగవు. మీ కాటాకు అవి ఉన్నట్టు కూడా తెలియదు.

అందరి ముందు దింపుతాను, సీలు చూపిస్తాను, లెక్క కాగితం చూపిస్తాను. అక్కడి నుంచి రీలు బెంగళూరు పోవాలి. అక్కడ హేమ అని ఒకావిడ బోర్డుల మీద చిప్పులు అతికించే చిన్న ఫ్యాక్టరీ నడుపుతోంది. ఆమె యంత్రానికి రీలు తగిలిస్తే అదే ఒక్కొక్క చిప్పు తీసుకుని బోర్డు మీద పెట్టుకుంటుంది. ఈ సంగతి మీవాళ్లకు అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకు లేదు. ఎలుకల మందు డబ్బా మీద రాసింది కూడా చదవకుండా వాడే మనుషులు.

వెంకటకృష్ణయ్య గారికి ఇంకొక మాట చెప్పు. ఈ బోర్డుల నుంచి వేడిగాలి బాగా వస్తుంది. కార్తీకంలో కోతల సమయానికి వాన పడితే ఆ గాలిని గొట్టంతో వడ్ల మీదికి మళ్లించవచ్చు. ఆయనకు బిట్‌కాయిన్ కంటే ఇది తొందరగా ఎక్కుతుంది.

నేను మాత్రం రాను. బోర్డులు నడుస్తున్నాయని అందరూ ఒప్పుకున్న రోజు వస్తాను. జగదీశ్‌కే కాదు, క్యాంపులో ప్రతివాడికీ ఒక హాస్యం తయారుగా ఉంటుంది. వాళ్ల ముందు ఖాళీ చేతులతో నిలబడటం ఒకసారి చాలు.

కవరు ఈసారి జిగురుతో అంటించాను.

ప్రవీణ్‌కుమార్


కంప్లి క్యాంపు
2 జూన్ 2025

చి. ప్రవీణ్‌కుమార్‌కు,

తొమ్మిది మంది అయ్యారు, తలా వాటా డబ్బు కట్టారు. నీ గొప్ప కాదు. నేను ప్రతి గడపకూ వెళ్లి, "ఇది నాకేం అర్థం కాలేదు, మా వాడి మీద నాకేం నమ్మకం లేదు, పోతే పోయిందనుకునే వాళ్లే చేరండి" అని చెప్పాను. ఇంత నిజాయితీగా ఎవరూ అడగలేదట, అందుకే చేరారట. మనుషులను నేను ఎప్పటికీ అర్థం చేసుకోలేను.

వెంకటకృష్ణయ్య వేడిగాలి మాట విన్నాక మిగతాది వినడమే మానేశాడు. ఆయనను చూసి మిగిలినవాళ్లు. యంకమ్మ మాత్రం గంటసేపు నిలదీసింది. "అక్కా, గింజ అయితే మొలకొస్తాది, గొర్రె అయితే పిల్ల పెడతాది. ఇది ఏం చేస్తాది?" అంటే నేను, లెక్కలు చేస్తుందట అన్నాను. "మా మనుమరాలు కూడా చేస్తాది, దానికి ఎవరూ రూపాయి ఇయ్యరు" అంది. అన్నాక చేరింది. కంప్లి తాలూకాలో బుర్ర ఉన్న మనిషి ఆమె ఒక్కతే అనుకుని ఉన్నాను, ఆ భ్రమ కూడా పోయింది.

నేను చేరలేదు. చేరనని నీకు ముందే తెలుసు. అడిగినవాళ్లకు, కాపలా ఉన్నవాళ్లు వాటా తీసుకోకూడదని చెప్పాను. వినడానికి బాగుంది గాని అసలు కారణం భయం.

కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు. నారుమళ్లు ఎండిపోయి ఉన్నాయి. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, బళ్లారి రావచ్చు కదా అని నువ్వు అనుకుంటూ ఉంటావు. నువ్వు పిలిస్తే కదా రావడానికి.

అత్త


బళ్లారి
21 జూన్ 2025

అత్తా,

రీలు వచ్చింది. కస్టమ్స్ వాళ్లు పది రోజులు ఆపి, కాగితాలన్నీ చూసి, చివరికి వదిలారు. రేపు పొద్దుటి బస్సులో జగదీశ్ చేతికి ఇస్తున్నాను. మధ్యాహ్నం కాటా దగ్గర అందరికీ చూపించి, సాయంత్రం అదే బస్సులో వెనక్కి పంపించెయ్. ఎల్లుండి నేను దాన్ని తీసుకుని బెంగళూరు వెళ్తున్నాను.

రెండో పేజీ జాగ్రత్తగా చదువు. నువ్వు చదివి పెట్టుకోవడం కాదు, అక్కడ అందరికీ చదివి వినిపించు.

వెండిరంగు సంచీ సీలు విప్పకూడదు. గాలి తగలకూడదు. మన గాలిలో, అందులోనూ జూన్ నెలలో, తేమ ఉంటుంది. ఆ తేమ చిప్పు లోపలికి పోతే అతికించేటప్పుడు వేడికి చిట్లిపోతుంది. చేత్తో అసలు ముట్టుకోకూడదు. మన ఒంట్లో, బట్టల్లో ఉండే కొద్దిపాటి కరెంటుకే లోపల చచ్చిపోతుంది. పైకి చూస్తే బాగానే కనపడుతుంది, అదే దాని గొడవ. రీలు ఎక్కడా తెగకూడదు. లెక్క ఎంతో సంచీ పైన అచ్చు వేసి ఉంది. అనుమానం ఉన్నవాళ్లు బెంగళూరు వచ్చి హేమ యంత్రం లెక్కపెట్టడం కళ్లారా చూసుకోవచ్చు, బస్సు చార్జీ నేను ఇస్తాను.

అత్తా, ఇది ఒక్కటీ నేను చెప్పినట్టు జరగనివ్వు. మిగతాదంతా నీ ఇష్టప్రకారమే కానిచ్చాను.

ప్రవీణ్‌కుమార్


కంప్లి క్యాంపు
22 జూన్ 2025, సాయంత్రం

చి. ప్రవీణ్‌కుమార్‌కు మనసారా ఆశీస్సులు.

ఈ మాట రాయడం నాకు అలవాటు లేదు కాబట్టి ముందే రాసేస్తున్నాను. ఈరోజు నాకు చాలా సంతోషంగా ఉంది. లెక్క సరిపోయింది. ఐదువందలకు ఐదువందలు.

తొమ్మిది మందీ వచ్చారు, చేరని వాళ్లు ఇంకో ముప్ఫై మంది వచ్చారు, నువ్వు మునిగితే చూడటానికి. వెంకటకృష్ణయ్య కాటా మీద పీట వేయించాడు. యంకమ్మ పసుపు నీళ్లు చల్లింది. సంచీ విప్పాం. లోపల సినిమా రీలు మాదిరి చుట్ట, మాత్రల అట్టలో మాత్రల్లా చిన్న చిన్న నల్ల పలుకులు. చుట్ట మొత్తం విప్పి పరిచి, కొడవలితో యాభై యాభైగా కోసి, పైన పొర తీసి, ప్రతి ఒక్కటీ చేత్తో లెక్కపెట్టించాను. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి విరగలేదు. ఎవరి పాలు వాళ్లకు పసుపు పొట్లాల్లో కట్టి ఇచ్చాను. యంకమ్మ, "దేవుని గూట్లో పెట్టుకుంటా, పని మొదలయ్యే దినం చెప్పు, తెచ్చిస్తా" అంది. నీ పాలు నా దగ్గర బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది.

నీ రెండో పేజీ చదివి వినిపించలేదు. ఎందుకో చెబుతాను, కోప్పడకు. సీలు విప్పొద్దు, గాలి తగలకూడదు అని రాశావు చూడు, ఆ మాటలు నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. నీకు పదకొండేళ్లప్పుడు ఒక విత్తనాల ఏజెంటు వచ్చాడు. మందు పట్టించిన విత్తనం, గాలి తగిలితే మొలక పోతుంది, నారు పోసే రోజు వరకు సంచి విప్పొద్దు అన్నాడు. అందరూ అనుమానపడుతుంటే, పెద్దమనిషి చెబుతున్నాడు కదా అని ఒప్పించింది నేను. విప్పిన రోజు సంచుల నిండా తాలు. ఆ ఏడు క్యాంపులో సగం మళ్లు బీడు పడ్డాయి. మీ మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఇప్పటికీ కడుపులో ఉంది. అప్పుడే పెట్టాం ఈ పద్ధతి. విప్పొద్దన్న సంచిని ముందు విప్పాలి.

నీ పేజీ చదివి వినిపిస్తే ముప్ఫై మందీ నిన్ను ఆ ఏజెంటుతో జతకట్టేవాళ్లు. అందుకే మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. పెట్టుకుని, లోపల ఏముందో అని నేను కూడా భయపడుతూనే విప్పించాను. తీరా చూస్తే నువ్వు చెప్పింది చెప్పినట్టు ఉంది. వెంకటకృష్ణయ్య, "మన ప్రవీణుడు మాట నిలబెట్టుకున్నాడు" అని పదిమందిలో అన్నాడు. నేను ఇంటికి వచ్చి కాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

మీ అత్త
మాణిక్యం


బళ్లారి
24 జూన్ 2025

అత్తా,

ఐదువందల చిప్పులూ పోయాయి.

విప్పొద్దన్నాను, విప్పావు. ముట్టుకోవద్దన్నాను, నలభై మంది చేత ముట్టించావు. తేమ అన్నాను, పసుపు నీళ్లు చల్లించావు. కొడవలి సంగతి నాకు తట్టలేదు, తట్టి ఉంటే అదీ రాసేవాణ్ణి. ఒక సరుకును ఎన్ని రకాలుగా పాడుచేయవచ్చో అన్ని రకాలుగానూ ఒక్క మధ్యాహ్నంలో పాడుచేసి, లెక్క సరిపోయిందని నాకు ఆశీస్సులు రాశావు.

నువ్వు నా ఉత్తరం చదవక చేసిన పని కాదిది. చదివి, మడిచి, దాచిపెట్టి చేశావు.

డ్రోను రోజూ ఇంతే. గాలి ఎక్కువగా ఉంది, రేపు పొద్దున ఎగరేద్దాం అని నేను అరిచి చెప్పాను. ముహూర్తం దాటిపోతుందన్నారు. పడిపోయాక గాలి మాట ఎవరికీ గుర్తులేదు. నువ్వు నా పక్కనే నిలబడి ఉన్నావు, నీకు గుర్తుంది. ఒక్క మాట అనలేదు. నేను బళ్లారి వచ్చేసింది డ్రోను ప్రవీణు అని పిలిచారని కాదు. వాళ్లు పిలుస్తుంటే నువ్వు ఊరుకున్నావని.

ఏ ఏజెంటో చేసిన మోసానికి నన్ను అనుమానించావు. నేను నీ చేతి అన్నం తిని పెరిగిన మనిషిని, ఏజెంటును కాను.

ప్రవీణ్‌కుమార్


కంప్లి క్యాంపు
27 జూన్ 2025

ప్రవీణ్‌కు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నీకు సమాధానంగా రెండు పేజీలు రాశాను, అందులో తప్పంతా నీదే. నువ్వు నీ పొగరు పక్కనపెట్టి ఆ రీలుతో పాటు బస్సులో వచ్చి ఉంటే, నీ నోటితో నువ్వే చెప్పి ఉంటే, కొడవలి ఎవరు తీసేవాళ్లు అని రాశాను. అది నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ ఆ రెండు పేజీలూ చింపేశాను. ఎందుకంటే డ్రోను రోజు నువ్వు గాలి మాట అన్నావు. నాకు గుర్తుంది.

తర్వాత సంచి పట్టుకుని తొమ్మిది ఇళ్లూ తిరిగాను. బతికి ఉన్నవేవో, చచ్చినవేవో ఆ హేమకే తెలుస్తుంది కదా, కనీసం తెచ్చి ఇద్దామని. వెంకటకృష్ణయ్యవి ఇనప్పెట్టెలో, నగల మధ్య ఉన్నాయి. యంకమ్మవి దేవుని గూట్లో, ప్రతి పలుకుకూ కుంకుమబొట్టు. ఒకావిడ పసుపు మరకలు పోలేదని సబ్బు నీళ్లలో కడిగి ఆరేసింది. ఇంకొకాయన అదృష్టం కలిసొస్తుందని కొత్త ట్రాక్టరు మీటరు పక్కన రెండు అతికించుకున్నాడు, అవి ఊడదీస్తే నన్నే కోప్పడ్డాడు. అన్నీ కలిపి నాలుగువందల తొంభై ఒకటి. తొమ్మిది ఎవరింట్లో ఏ మూల ఉన్నాయో వాళ్లకే తెలియదు. నీ మాట ప్రకారం ముట్టుకోకుండా, స్టీలు గరిటెతో తీశాను. అదీ తప్పేనేమో.

ఎందుకు వెనక్కి తీసుకుంటున్నావని అందరూ అడిగారు. పాడయ్యాయట అన్నాను. ఎలా పాడయ్యాయో చెప్పలేదు, నోరు రాలేదు. సాయంత్రానికల్లా కాటా దగ్గర, "డ్రోను ప్రవీణు మళ్లా ముంచినాడప్పా, ఈ తూరి నీళ్లు కూడా అక్కర్లేకపాయె" అని నవ్వుకుంటున్నారు. నేను విన్నాను. విని ఇంటికి వచ్చేశాను. మళ్లీ అదే పని చేశాను.

సంచి జగదీశ్ చేతికి ఇస్తున్నాను.

అత్త


బళ్లారి
2 జూలై 2025

అత్తకు,

బెంగళూరు వెళ్లి వచ్చాను. హేమ సంచి విప్పి, ఒక చిప్పును పట్టకారుతో పైకెత్తి చూసింది. తర్వాత కుంకుమ ఏ బ్రాండు అని అడిగింది. నాకు నవ్వు వచ్చింది, ఆశ్చర్యంగా ఆమెకూ వచ్చింది.

అన్నిటినీ స్పిరిట్‌తో కడిగి, సన్నని వేడిలో ఒక రోజంతా పెట్టి తేమ తీసి, యంత్రం వద్దని, తనే చేత్తో ఒక్కొక్కటి అతికించి చూస్తానంది. సగం బతికితే గొప్పట. అంటే ఇరవై, ఇరవై ఐదు బోర్డులు. అవి కూడా ఎన్నాళ్లు నడుస్తాయో చెప్పలేనంది. నెల పడుతుంది. నీ బియ్యం డబ్బాలో ఉన్నవే అన్నిటికంటే బాగున్నాయట. బియ్యం తేమ పీల్చుకుంది.

క్యాంపులో ఏమనుకుంటున్నారో నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. ఒక మాట చెబుతాను, విను. అది అలాగే ఉండనివ్వు. చైనా వాడు చెడ్డ సరుకు పంపాడని, ప్రవీణుకు తెలియలేదని చెప్పెయ్. ఖరీఫ్ విత్తనాల పని నడుస్తోంది, ఇప్పుడు నీ చేతుల మీద జరిగిన పొరపాటని తెలిస్తే రేపటి నుంచి నీ మాట వినరు. ఆ పెత్తనం పోతే నువ్వు ఉండలేవు. నాకైతే కొత్తగా పోయే పేరు లేదు. నేను ఎలాగూ అక్కడికి రాను.

నీ మీద కోపం తగ్గలేదు. ఇది మాత్రం కోపంతో రాయడం లేదు.

ప్రవీణ్‌కుమార్


కంప్లి క్యాంపు
7 జూలై 2025

ప్రవీణ్‌కుమార్‌కు,

నా తప్పు నువ్వు మోస్తానన్న లైను చదివి ఒళ్లు మండిపోయింది. నా మీద జాలిపడేంత పెద్దవాడివి ఎప్పుడయ్యావు? ముప్ఫై ఒకటి వచ్చినా చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేనివాడివి, నా పెత్తనం నిలబెడతాడట. తిట్టుకుంటూ వంటింట్లోకి వెళ్లి, అక్కడ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

నిన్న ఆదివారం విత్తనాల పంపకానికి అందరూ కాటా దగ్గర ఉన్నారు. నీ ఇరవై ఒకటో తేదీ ఉత్తరం తీసుకెళ్లాను. సంచులు దిగకముందే నిలబడి రెండు పేజీలూ చదివాను. సీలు విప్పొద్దన్న దగ్గర రెండుసార్లు చదివాను. ఇది నాకు విప్పక ముందే అందింది, అందరికీ వినిపించమని రాశాడు, నేను దాచాను, వాణ్ణి నమ్మక దాచాను అని చెప్పాను. అక్కడితో ఆగితే సగమే అవుతుందని డ్రోను రోజు గాలి మాట కూడా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ట్రాక్టరుకు చిప్పులు అతికించుకున్నాయన మాత్రం తల దించుకుని చెప్పు సర్దుకున్నాడు.

యంకమ్మ లేచింది. "మాణిక్యమక్కా, నువ్వు పాలు ఎయ్యలేదు, ఏమీ పోగొట్టుకోలేదు. మా పాలు మాత్రం చెడగొట్టినావు. పిల్లోడు చెప్పింది చెప్పినట్టు చేసుంటే ఈ పొద్దు మావి నడుస్తా ఉండేవి" అంది. నేను అవునన్నాను. ఇక నుంచి విత్తనాల పని వేరేవాళ్లు చూడాలని ఆమే అంది. వెంకటకృష్ణయ్య నా ముఖం చూడలేక కాటా వైపు చూస్తూ తల ఊపాడు. ఇండెంటు పుస్తకం, గోదాము తాళం అక్కడే యంకమ్మ చేతిలో పెట్టి వచ్చేశాను. ఇరవై ఏళ్ల పని, పది నిమిషాలు కూడా పట్టలేదు. బాధగా ఉంది. నువ్వు అనుకున్నంత కాకపోయినా ఉంది.

సాయంత్రం యంకమ్మే మా ఇంటికి వచ్చింది. తాళం తిరగడం లేదు, ఎలా తీస్తావని అడగడానికి. అది నెపం. అరుగు మీద కూర్చుని, "ఇరవై బోర్డులైనా వస్తాయంటివే, అవి ఎక్కడ పెట్టల్ల, ఏది ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు, ఆ పిల్లోడే వచ్చి చెప్పల్ల. ఇంగ మేము ఎవరి మాటా వినము, వాని మాటే" అంది. తొమ్మిది మందీ అదే అన్నారట. వచ్చే ఆదివారం మిల్లులో కూర్చుంటారు. నన్ను పిలవలేదు. పిలవకపోవడం న్యాయమే.

ఇక నేను చెప్పవలసింది ఒకటుంది. నిన్ను పెంచానని ఇన్నేళ్లూ ఊరంతా చెప్పుకున్నాను. కానీ ఆ మధ్యాహ్నం నా జాకెట్లో నీ ఉత్తరం, నా తలలో ఆ ఏజెంటు మోసం. రెండింటిలో నేను దేన్ని నమ్మానో చూశావు కదా. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

నువ్వు రావడానికి ఇంక ఒక్క అడ్డు మిగిలింది, అది నీ పొగరు. దాన్ని వదిలిపెట్టి రమ్మనను, నావల్లే వచ్చింది నీకు. బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని రా, నేను స్టాపులో ఉంటాను.

మాణిక్యం